టెలిమార్క్ నేర్చుకోవాలంటే ముందు బూటు కుదరాలి

ప్రశ్న: మాది దేవరకొండ. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నప్పటి నుంచి కొండలంటే ఇష్టం. కిందటి ఫిబ్రవరిలో గుల్‌మర్గ్‌లో రెండు వారాలు మామూలు స్కీయింగ్ నేర్చుకున్నాను. అక్కడ ఒకరు మోకాలు వంచి, మడమ పైకి లేపి మలుపులు తిరగడం చూశాక టెలిమార్క్ మీద మనసు పడింది. నార్వేలో ఉంటున్న మా బావ సంక్రాంతికి వస్తూ ఒక పాత సెట్టు తెస్తానంటున్నారు. అందులో 195 సెంటీమీటర్ల సన్నని స్కీలు, మూడు పిన్నుల బైండింగులు (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులు), 44 నంబరు తోలు బూట్లు ఉన్నాయి. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. నేను వేసుకునేది 42 నంబరు. తెమ్మనమంటారా?

జవాబు: వద్దని చెప్పండి. అది పనికిరాని సామాను కాదు. మంచు మైదానాల్లో దూర ప్రయాణాలు చేసేవారికి అటువంటిదే హాయిగా ఉంటుంది. కానీ వాలు మీద మలుపు నేర్చుకోవలసిన మీకు, రెండు నంబర్లు పెద్దవైన మెత్తని బూట్లలో పాదం ఒకవైపు, స్కీ మరొకవైపు పోతాయి.

టెలిమార్క్ అనేది నార్వేలోని ఒక ప్రాంతం పేరు. ఆ ప్రాంతపు మోర్గెడాల్‌లో 1825లో పుట్టిన సోండ్రే నోర్‌హైమ్ వల్ల ఈ మలుపు ప్రసిద్ధమైంది. ఇందులో బూటు ముందుభాగం మాత్రమే స్కీకి బిగుసుకుని ఉంటుంది, మడమ స్వేచ్ఛగా లేస్తుంది. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు ముందు మోకాలు వంచి, వెనుక కాలిని మునివేళ్ల మీద నిలిపి వంగే భంగిమను గుర్తు తెచ్చుకోండి. మలుపు మలుపుకూ కాళ్లు మార్చుకుంటూ మీరు చేయవలసింది దాదాపు అదే. అందువల్ల బరువులో మంచి భాగం వెనుక పాదం వేళ్ల మొదళ్ల మీద పడుతుంది. బూటు వంగవలసిందీ అక్కడే.

టెలిమార్క్ ప్లాస్టిక్ బూటుకు వేళ్ల మొదళ్ల దగ్గర హార్మోనియం తిత్తిలాగా ముడతలు ఉంటాయి. పలుచని ఊలు మేజోడు తొడిగి, బకిల్స్ బిగించి, వెనుక మడమ లేపి మోకాలు వంచి చూడండి. మడత సరిగ్గా మీ పాదం వంగేచోట పడాలి. బూటు పొడవైతే మడత వేళ్ల మీదికి జారి నొక్కుతుంది, గంటలోపే నొప్పి మొదలవుతుంది. మడమ బూటులోపల లేవకూడదు. డబ్బు ఖర్చు పెట్టవలసింది బూట్ల మీదే అని నా గట్టి అభిప్రాయం. కాబట్టి పాత సెట్టుకు బదులు మీకు సరిపోయే బూట్లు అక్కడే కొనమనండి. నంబరు చెప్పి ఊరుకోక, సాయంత్రం పూట కాగితం మీద నిలబడి రెండు పాదాల పొడవు, వెడల్పు కొలిచి సెంటీమీటర్లలో మీ బావగారికి పంపండి. కొన్నది సరిపోకపోతే మార్చుకునే వీలుందో లేదో కూడా కనుక్కోమనండి. వాడిన ప్లాస్టిక్ బూట్లు చాలా పాతవైతే పైకి బాగున్నా చలిలో పగలవచ్చు, వాటి జోలికి పోకండి.

బూటు, బైండింగ్ ఒకే పద్ధతివి కావాలి. పాతదైన 75 మిల్లీమీటర్ల పద్ధతిలో బూటు ముందు బాతు ముక్కులాంటి అంచు ఉంటుంది. రొటెఫెల్లా కంపెనీ 2007లో తెచ్చిన ఎన్‌టీఎన్ (న్యూ టెలిమార్క్ నార్మ్) పద్ధతిలో ఆ ముక్కు ఉండదు. పాదం కింద ఉన్న మరో అంచును బైండింగ్ పట్టుకుంటుంది. ఒకదాని బూటు మరొకదానికి పట్టదు. కొత్తవి కొనేటట్లయితే ఎన్‌టీఎన్ తీసుకోండి, పక్కలకు పట్టు బాగుంటుంది. మీ బరువుకు బైండింగులో మరీ గట్టి స్ప్రింగులు వద్దు. పడినప్పుడు ఊడివచ్చే ఏర్పాటు చాలా బైండింగులకు ఉండదు, ఆ సంగతి ముందే అడగండి. బ్రేకు లేని బైండింగయితే స్కీని కాలికి కట్టే పట్టీ తప్పనిసరి; జారిపోయిన స్కీ కింద ఉన్నవారికి ప్రమాదం.

స్కీలకు ప్రత్యేకమైనవి వెతకనక్కరలేదు. 160 నుంచి 168 సెంటీమీటర్ల పొడవు, నడుమ 80–90 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న మామూలు ఆల్పైన్ స్కీలు చాలు. మోకాలి ప్యాడ్లు, హెల్మెట్ మాత్రం మరవకండి.

ఒక్క పని నార్వేలోనే పూర్తి చేయించండి. బైండింగును స్కీకి బిగించేటప్పుడు రంధ్రాల స్థానం మీ బూటును బట్టి నిర్ణయించాలి. కనుక మీ బావగారు బూట్లు, స్కీలు, బైండింగులు మూడూ ఒకే దుకాణానికి తీసుకెళ్లి, మీ బరువు చెప్పి బిగించి తెమ్మనండి.