డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లే ముందు

చి.ల.సౌ. సుజాతకు, తిరుపతి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

రాత్రుళ్లు చెమటలతో లేస్తున్నావని, నెలసరి గాడి తప్పిందని, "వయసు కదమ్మా, మామూలే" అని డాక్టరమ్మ రెండు నిమిషాల్లో పంపేసిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వయసే, కాదనను. మన దేశంలో చాలామందికి 46, 47 ఏళ్లకే నెలసరి ఆగిపోతుంది. అంతకు ముందు కొన్నేళ్లు ఇట్లాగే తడబడుతుంది. చత్వారం కూడా వయసుతో వచ్చేదే, అట్లాగని అద్దాలు రాయకుండా పంపుతారా?

ఈసారి కాగితం పట్టుకుని వెళ్లు. నెలసరి తేదీలు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడుతున్నాయా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తోందో రాసుకో. "ఒంట్లో బాగుండటం లేదు" అంటే బలం బిళ్లలు రాసి పంపుతారు. "నిద్ర లేక పగలు పని చేయలేకపోతున్నా" అని లెక్కతో చెబితే వినక తప్పదు. మూత్రంలో మంట, కలయికలో నొప్పి ఉన్నా సిగ్గుపడకుండా చెప్పు. వాటికి పైపూత మందులున్నాయి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు నువ్వే అడుగు. థైరాయిడ్ ఎక్కువైనా చెమటలు, గుండెదడ వస్తాయి.

ఈ చెమటలకు ఇచ్చే హార్మోన్ మందులంటే క్యాన్సర్ అని భయపెడతారు. ఆ భయం 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంతో మొదలైంది. అందులోని ఆడవాళ్ల సగటు వయసు 63. అరవై లోపు, నెలసరి ఆగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతులకు చాలావరకు మేలే ఎక్కువని తర్వాత తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లకు మాత్రం మామూలుగా ఇవ్వరు. నీకు సరిపోతుందా అని అడుగు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పమను.

మూడు నెలల ముందే మూడొందల రూపాయల దర్శనం టికెట్ తీసుకుని, తీరా ఆ రోజు నెలసరి వస్తుందేమోనని మెడికల్ షాపులో బిళ్లలు కొనుక్కుని మింగే అలవాటు మనవాళ్లందరికీ ఉంది. ఈ వయసులో అది వద్దు. రక్తస్రావం ఎందుకు తేడాగా ఉందో డాక్టర్‌కు తెలియకుండా పోతుంది. దర్శనం మరో నెల చేసుకోవచ్చు, స్వామి ఎక్కడికీ పోడు.

అన్నిటికంటే నాకు టెన్షన్ గర్భసంచి గురించే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, మన ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది. మన ఆడవాళ్లకే అన్ని జబ్బులున్నాయా? పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు అనే మాట ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ ఒకటే. క్యాన్సర్ ఉంటే చాలావరకు తీయాల్సిందే. అధిక రక్తస్రావానికైతే ముందు మందులు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉన్నాయి. గర్భసంచిలో పెరిగే గడ్డలు (ఫైబ్రాయిడ్లు) నెలసరి ఆగాక సాధారణంగా కుంచించుకుపోతాయి. అండాశయాలు కూడా తీస్తారా అని తప్పకుండా అడుగు. అవి పోతే మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది, ఎముకలు త్వరగా గుల్లబారతాయి. ఏ ఆపరేషన్‌కైనా అక్కడికక్కడే సంతకం పెట్టకు. చిత్తూరు నుంచి బస్సెక్కి రా, ఇక్కడ ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రిలోనో స్విమ్స్ పెద్దాసుపత్రిలోనో ఇంకొకరికి చూపిద్దాం.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. నెలసరి ఏడాది పాటు పూర్తిగా ఆగాక ఒక్క మరక కనబడినా, ఆ వారంలోనే స్కాన్ చేయించుకోవాలి. అవసరమైతే ముక్క పరీక్ష కూడా.

మీ ఆయన్ను వెంట తీసుకెళ్లు, కానీ మాట్లాడేది నువ్వే. రిపోర్టులు, స్కాన్ ఫిల్ములు అక్కడ వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ