అన్నయ్య శ్రుతి తప్పుతున్నారు, ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: నా వయసు 52. ఇరుగుపొరుగు వారందరం కలిసి నడుపుకుంటున్న గాయక బృందానికి నేను క్వయర్ మాస్టర్‌ని. క్రిస్మస్ కచేరీకి ఇంకా అయిదు వారాలుంది. మా అన్నయ్యకు 66 ఏళ్లు. నాకు పాట నేర్పింది ఆయనే. బేస్ వరుసకు, అంటే అన్నిటికంటే కింది స్థాయిలో పాడే మగ గొంతుల వరుసకు, మొదటి నుంచీ ఆయనే పెద్ద దిక్కు. ఏడాదిగా అందరితో కలిసి పాడేటప్పుడు ఆయన శ్రుతి కిందికి దిగిపోతోంది. ఎత్తుకోవలసిన చోట ఆలస్యమవుతోంది, పైగా గొంతు పెంచేస్తున్నారు. ఇంట్లో నేను కీబోర్డు వాయిస్తుంటే ఒక్కరే పాడినప్పుడు మాత్రం బాగానే పాడతారు. పక్కన నిలబడే ఇద్దరు, ఇలాగైతే తాము మానుకుంటామంటున్నారు. వేదిక మీద చోటు చాలదని చెప్పి ఆయనను తప్పించమని ఒకరు, పెదవులు మాత్రమే కదపమనమని మరొకరు సలహా ఇచ్చారు. వదినేమో, ఇంట్లో టీవీ గోల, ఒకటి అడిగితే ఒకటి చెప్పడం తాను భరిస్తున్నానని, ఆయనకు మిగిలిన సంతోషం ఈ పాట ఒక్కటేనని, దాన్ని తీసెయ్యవద్దని అంటోంది. మొన్న రిహార్సల్‌లో విసుగుతో అందరి ముందూ ‘కాస్త పక్కవాళ్లను వినండి అన్నయ్యా’ అన్నాను. అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో రెండు సంగతులు వేర్వేరు చోట్ల ఉన్నాయి, వాటిని మీరు పక్కపక్కన పెట్టి చూసినట్లు లేదు. అన్నయ్యగారు ఒంటరిగా కీబోర్డు పక్కన పాడితే బాగుంటుంది, గుంపులో పాడితే చెడుతుంది అన్నది మొదటిది. ఇంట్లో టీవీ శబ్దం పెరిగిందని, ఒకటి అడిగితే ఒకటి చెబుతున్నారని మీ వదినగారు అన్న మాట రెండవది. గొంతే పాడై ఉంటే, లేదా పాట మీద శ్రద్ధే తగ్గి ఉంటే, ఇంట్లో కూడా పాట చెడేది. పరీక్ష జరగకుండా ఎవరూ ఖాయంగా చెప్పలేరు గాని, మీరు వర్ణించినదంతా గొంతు కంటే చెవినే ఎక్కువగా అనుమానించవలసిన తీరులో ఉంది. ఈ ఒక్క విషయం మీ మనసులో స్థిరపడితే, అన్నయ్యగారితో మీరు మాట్లాడబోయే మాటలు పూర్తిగా మారిపోతాయి.

వయసుతో పాటు వచ్చే వినికిడి తగ్గుదల సాధారణంగా రెండు చెవుల్లోనూ ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగుతుంది కాబట్టి, అందరికంటే ఆలస్యంగా తెలుసుకునేది ఆ మనిషే. ముందుగా తగ్గేది పై స్థాయి ధ్వనులు. ‘స’, ‘ష’, ‘ఫ’ వంటి హల్లులను ఒకదాని నుంచి మరొకటి వేరుచేసి చూపేవి ఆ ధ్వనులే గనుక, ఎదుటివారి గొంతు వినిపిస్తూనే ఉన్నా మాట మాత్రం స్పష్టం కాదు. నలుగురు ఒకేసారి మాట్లాడే చోట, నలభై మంది ఒకేసారి పాడే చోట ఈ ఇబ్బంది ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ హోరులో పక్కవారి స్వరం నుంచి తన స్వరాన్ని విడదీసి పోల్చుకోలేని గాయకుడు శ్రుతి జారినట్లు గ్రహించలేడు. తన గొంతు తనకే వినిపించనప్పుడు మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లోంబార్ 1911లో వివరించిన ఈ స్వభావం గాయక బృందాలలో నిత్యం కనిపించేదే. ఆలస్యంగా ఎత్తుకోవడానికి కూడా కారణం ఊహించవచ్చు: చెవి మీద నమ్మకం తగ్గినవారు పక్కవారి నోరు కదిలేదాకా ఆగి, చూసి, అప్పుడు అందుకుంటారు. వినికిడి దెబ్బతిన్న కొందరిలో ఒకే స్వరం రెండు చెవులకు రెండు వేర్వేరు శ్రుతుల్లో వినబడటం కూడా ఉంటుంది. ఇవేవీ మొండితనం కాదు. ‘పక్కవాళ్లను వినండి’ అన్న మీ మాట ఆయనను అంతగా ఎందుకు గాయపరిచిందో కూడా దీనివల్ల అర్థమవుతుంది. ఆయన బహుశా తన శక్తినంతా కూడదీసుకుని చేస్తున్న పని అదే.

మీకు వచ్చిన సలహాల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చోటు చాలదని చెప్పడం అబద్ధం. ఆ అబద్ధం కచేరీ నాటి సాయంత్రం వేదికను చూడగానే బయటపడుతుంది. అప్పుడు ఆయనకు పాటతో పాటు తమ్ముడి మీద నమ్మకం కూడా పోతుంది. పెదవులు మాత్రమే కదపమనడం అంతకంటే క్రూరమైనది. జీవితమంతా పాడిన మనిషిని జనం ముందు బొమ్మలా నిలబడమనడం అది. దయచేసి ఆ ఆలోచనను ఇక్కడితో వదిలేయండి. మీ వదినగారి చేత చెప్పించడం కూడా తగదు. ఆమె ఇప్పటికే ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు చెబుతూ అలసి ఉన్నారు. పైగా బృందంలో తీసుకునే నిర్ణయాలకు జవాబుదారీ మీరే గాని ఆమె కాదు.

ముందుగా క్షమాపణ చెప్పండి, అప్పుడు అది ఒక్కటే చెప్పండి. అందరి ముందూ అన్న మాటకు చెప్పే క్షమాపణను, చెవి గురించి చెప్పబోయే మాటకు పీఠికగా వాడుకుంటే రెండూ చెడతాయి. ఆయనకు అది తీపి పూసిన మందుగానే తోస్తుంది. ‘అన్నయ్యా, ఆ రోజు అందరి ముందూ మీతో అలా మాట్లాడటం నా తప్పు’ అని చెప్పి, కాసేపు కూర్చుని, లేచి రండి. రెండు మూడు రోజులు గడవనివ్వండి. వ్యవధి తక్కువ కాబట్టి వారం మాత్రం దాటనివ్వకండి.

తరువాతి సంభాషణ రిహార్సల్ జరిగే గదిలో కాకుండా ఆయన ఇంట్లో, టీవీ ఆపి, వెలుతురున్న చోట, మీ ముఖం ఆయనకు కనిపించేలా ఎదురెదురుగా కూర్చుని జరగాలి. వినికిడి తగ్గినవారికి ఎదుటి పెదవుల కదలిక సగం ఆసరా. అరవకండి, అరిచినప్పుడు మాట స్పష్టత ఇంకా చెడుతుంది. కాస్త నిదానంగా, పూర్తి వాక్యాలలో మాట్లాడండి. క్వయర్ మాస్టర్‌గా ఆయన పాటకు మార్కులు వేయకుండా, తమ్ముడిగా మీరు గమనించినది చెప్పండి: ‘ఇంట్లో నా పక్కన పాడేటప్పుడు మీ శ్రుతి ఎక్కడా కదలదు. అందరి మధ్య పాడేటప్పుడు మాత్రం తేడా వస్తోంది. మీకు అక్కడ మా గొంతులు సరిగా వినిపిస్తున్నాయా అని నాకు అనుమానంగా ఉంది. ఒకసారి పరీక్ష చేయించుకుందాం, నేను కూడా వస్తాను.’ అంతకు మించి వాదన పెంచవద్దు. ఇతరులు ఫిర్యాదు చేశారని గాని, ఎవరెవరు ఏమన్నారని గాని చెప్పవద్దు. ఆయన కోప్పడవచ్చు, నాకేం చెవుడా అని అడగవచ్చు. అప్పుడు కోపాన్ని ఖండించకుండా విని, పరీక్ష మాట మాత్రం వెనక్కి తీసుకోకుండా ఉండండి. రుజువు చూపమని ఆయనే అడిగితే రిహార్సల్ రికార్డింగ్ ఇచ్చి, ఆయనను ఒంటరిగా విననివ్వండి. మీరు పక్కన కూర్చుని తప్పులు ఎత్తి చూపవద్దు.

చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గరకు వెళితే మొదట చెవి లోపల చూస్తారు. గులిమి గట్టిపడి అడ్డుపడటం వంటి చిన్న కారణమే బయటపడినా ఆశ్చర్యపోనక్కరలేదు. తరువాత ఏయే స్థాయి ధ్వని ఎంత మెల్లగా వినిపిస్తోందో కొలిచే ఆడియోగ్రామ్ తీస్తారు. దానికి నొప్పి ఉండదు, ఎక్కువ సమయం కూడా పట్టదు. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోయినా, తల తిరగడం తోడైనా మాత్రం ఎదురుచూడకుండా వెంటనే వెళ్లాలి. వినికిడి యంత్రం అవసరమైతే, ఆయన గాయకుడన్న సంగతి ఆడియాలజిస్టుకు (వినికిడి నిపుణుడికి) మొదటే చెప్పండి. ఈ యంత్రాలను ప్రధానంగా మాటల కోసం అమరుస్తారు. యంత్రం నుంచి వచ్చే ఈల శబ్దాన్ని అణిచే ఏర్పాటు కొన్నిసార్లు పాటలో నిలిపి పట్టిన స్వరాన్ని కూడా ఈలగా పొరబడి దాన్ని వణికిస్తుంది. సంగీతానికి విడిగా ఒక అమరిక పెట్టించుకోవచ్చు. అయితే కొత్త యంత్రానికి మెదడు అలవాటు పడటానికి వారాలు పడుతుంది. కచేరీ ముందు రోజు తెచ్చి చెవికి పెట్టించి అద్భుతం జరగాలని ఆశించకండి.

ఈలోగా రిహార్సల్‌లో మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆయన మెరుగైన చెవి వైపు, శ్రుతిలో గట్టిగా నిలిచే బేస్ గాయకుడిని నిలబెట్టండి. గాయకుల మధ్య ఎడం కొంచెం పెంచితే ఎవరి గొంతు వారికి బాగా వినిపిస్తుంది. ఇది ఆయనకే కాదు, వరుసలో అందరికీ మేలు చేస్తుంది కనుక ఆయన కోసం చేసినట్లు ప్రత్యేకంగా కనిపించదు. పాట ఎత్తుకోవలసిన ప్రతి చోటా చేతితోనూ, మీరు తీసుకునే ఊపిరితోనూ స్పష్టమైన సైగ ఇవ్వండి. బేస్ స్వరాలను కీబోర్డు మీద విడిగా రికార్డు చేసి సాధనకు ఆయనకు ఇవ్వండి. మానుకుంటామంటున్న ఇద్దరితో ‘ఈ సంగతి నేను చూసుకుంటున్నాను, రెండు వారాలు ఆగండి’ అని మాత్రమే అనండి. అన్నయ్యగారి చెవి గురించి ఆయన అనుమతి లేకుండా బృందంలో ఒక్కరికి కూడా చెప్పవద్దు.

రెండు వారాల తరువాత ఇద్దరూ కూర్చుని పాటలను ఒక్కొక్కటిగా చూసుకోండి. అందరూ ఒకే స్వరంలో పాడేవి, శ్రోతలు కూడా గొంతు కలిపే క్యారెల్స్ (క్రిస్మస్ పాటలు) ఆయన నిశ్చింతగా పాడగలరు. నాలుగు భాగాలుగా విడిపోయి, వాద్యం తోడు లేకుండా సాగే పాటల్లో ఇంకా ఇబ్బంది ఉంటే, వాటికి ఈ ఏడాది ఆగమని అడగండి. మిగతావారి శ్రమకు కూడా మీరు బాధ్యులే కాబట్టి ఈ మాట దాటవేయకూడదు. పాటల మధ్య బైబిలు లేఖన భాగాలు చదివే పద్ధతి మీ కచేరీలో ఉంటే, లేదా పెట్టగలిగితే, ఒక పఠనం ఆయనకు ఇవ్వవచ్చు. తొమ్మిది పఠనాలు, క్యారెల్స్‌తో సాగే ఆరాధన ఇంగ్లండులోని ట్రూరోలో 1880 క్రిస్మస్ ముందు రోజు రాత్రి జరిగింది. 1918 నుంచి కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీలో కొనసాగుతోంది. ఆ సంప్రదాయంలో చదివే గొంతుకు పాడే గొంతుతో సమానమైన స్థానం ఉంది గనుక, దీన్ని ఓదార్పు బహుమతిలా ఇవ్వనక్కరలేదు. అయినా ఆయన వద్దంటే బలవంతం చేయకండి.

ఇక ఆయన పరీక్షకే ఒప్పుకోకపోతే? ఆయన చెవి ఆయనది, లాక్కుని వెళ్లే హక్కు మీకు లేదు. ఏ పాటలకు ఎవరు నిలబడాలన్నది మాత్రం మీ బాధ్యత. ఏ పాటలకు ఆయన పేరు ఉందో, వేటికి లేదో, ఎందుకు లేదో, కారణం దాచకుండా ఆఖరి రిహార్సల్‌కు కనీసం పది రోజుల ముందు మీరే ముఖాముఖిగా చెప్పండి. పరీక్ష చేయించుకుని వచ్చిన రోజున ఆ నిర్ణయాన్ని మళ్లీ చూద్దామని కూడా అప్పుడే చెప్పండి. మీ వదినగారికి ఈ సంగతి ఇంకొకరి ద్వారా తెలియకూడదు. అన్నయ్యగారితో మాట్లాడిన రోజునే ఆమెతో కూడా మాట్లాడండి. ఆ ఇంట్లో ఏడాదిగా తాను ఒంటరిగా గమనిస్తున్నది మరొకరు కూడా గుర్తించారని తెలిస్తే, పరీక్షకు ఆయనను ఒప్పించే పనిలో ఆమె మీకు తోడు నిలిచే అవకాశం ఎక్కువ.