అరచేతుల్లో చీము పొక్కులు: బిడ్డ కావాలనుకుంటున్నప్పుడు ఏ మందు?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది నిజామాబాద్ జిల్లా. బీడీలు చుడతాను. మూడేళ్లుగా అరచేతుల్లో, అరికాళ్లలో చీము పొక్కులు లేస్తున్నాయి. పగుళ్ల వల్ల కత్తెర పట్టుకోలేకపోతున్నాను. మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలతో తగ్గి, మానగానే ముందుకన్నా ఎక్కువవుతున్నాయి. చర్మ డాక్టరు ఎసిట్రెటిన్ రాస్తానన్నారు. వచ్చే ఏడాది రెండో బిడ్డ కావాలనుకుంటున్నాం. వాడవచ్చా?

జవాబు: వద్దు. ఈ జబ్బుకు ఎసిట్రెటిన్ మంచి మందే అయినా, బిడ్డను కనాలనుకునే స్త్రీకి తగినది కాదు. గర్భంలోని శిశువుకు తీవ్రమైన అవకరాలు కలిగించగల ఈ మందును ఆపిన తర్వాత కూడా మూడేళ్ల పాటు గర్భం రాకుండా చూసుకోవాలి, అంతకాలం రక్తదానం కూడా చేయకూడదు. ఇప్పటికే ఒక్క క్యాప్సూల్ వేసుకున్నా ఆ సంగతి మీ డాక్టరుకు ఇవాళే చెప్పండి.

మీరు రాసినదాన్ని బట్టి ఇది పామోప్లాంటర్ పస్ట్యులోసిస్ అనిపిస్తోంది. ఆవగింజంత పసుపు పొక్కులు గుంపుగా లేచి, కొద్దిరోజుల్లో గోధుమరంగు మచ్చలుగా ఎండి, పొలుసులుగా ఊడటం దీని తీరు. ఆ చీములో సూక్ష్మక్రిములు ఉండవు. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పడం వల్ల తెల్ల రక్తకణాలు అక్కడ చేరతాయి. కాబట్టి ఇది అంటువ్యాధి కాదు, మీ పాపను నిస్సంకోచంగా ఎత్తుకోండి. అయితే తామర కూడా ఇలాగే కనిపించవచ్చు కనుక, పొలుసును గీకి ఫంగస్ పరీక్ష చేయించిన తర్వాతే నోటి మందుల గురించి ఆలోచించాలి.

స్టెరాయిడ్ మాత్రలతో మీకు జరిగింది మేము తరచూ చూసేదే, చూసిన ప్రతిసారీ బాధ కలిగించేదే. వాటితో పొక్కులు త్వరగా అణగినా, మానగానే తిరగబెడతాయి, ఒక్కోసారి ఒళ్లంతా చీము పొక్కులు లేచే ప్రమాదం కూడా ఉంది. ఇప్పటికీ వాడుతుంటే ఒక్కసారిగా ఆపకుండా, డాక్టరు చెప్పినట్లు మోతాదు తగ్గించుకుంటూ రండి.

తరచుగా వాడే మరో మందు మెథోట్రెక్సేట్. ఇది కూడా గర్భిణులకు నిషిద్ధం; గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం ఆరు నెలల ముందే ఆపాలి. కాన్పును వాయిదా వేసుకుంటేనే దీన్ని ఆలోచించాలి. అప్పుడు కూడా ఇది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు అని మరవకండి. రోజూ వేసుకునే మందనుకుని పొరబడితే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. అందుకే ఏ రోజు వేసుకోవాలో, సోమవారమో మంగళవారమో, ఆ పేరును చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోమంటాను. ఫోలిక్ యాసిడ్, రక్తకణాల పరీక్ష, కాలేయ పరీక్ష తప్పనిసరి.

అప్రెమిలాస్ట్ అనే మరో మాత్రను జపాన్‌లో 2025లో ఈ జబ్బుకు అనుమతించారు, మన దేశంలోనూ దొరుకుతుంది. మొదట్లో విరేచనాలు, వికారం కలిగించే ఈ మందును కూడా గర్భం సమయంలో వాడరు. మీ పరిస్థితిలో మాత్ర తప్పదనుకుంటే మిగిలేది సైక్లోస్పోరిన్: త్వరగా పనిచేస్తుంది, అవసరమైతే గర్భిణులకు కూడా జాగ్రత్తగా ఇస్తారు. కానీ బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) పరీక్షలు చేయిస్తూ కొద్ది నెలలే వాడాలి; ఆపాక జబ్బు తిరగబెట్టడం మామూలే.

అందుకే మీరు మాత్ర కన్నా ముందు, డాక్టరు రాసే బలమైన స్టెరాయిడ్ ఆయింట్‌మెంటును రాత్రిపూట పల్చగా పూసి పైన ప్లాస్టిక్ కవరు చుట్టుకోవడం, దానితో పాటు నారో బ్యాండ్ యూవీబీ కాంతి చికిత్స తీసుకోవడం మేలు. ఈ కాంతి చికిత్సను గర్భంలో కూడా కొనసాగించవచ్చు, సోరాలెన్ మాత్రతో ఇచ్చే పువా అనే కాంతి చికిత్సను మాత్రం కాదు. పొగ తాగడానికీ ఈ జబ్బుకూ బలమైన సంబంధం ఉంది. మీకు ఆ అలవాటు ఉంటే మానేయండి. బీడీ పనిలో వేళ్లకు పడే రాపిడి పగుళ్లను పెంచుతుంది కనుక, పొక్కులు ఎక్కువగా ఉన్న రోజుల్లో వీలైనంత వరకు చేతులకు విశ్రాంతినివ్వండి.

థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకోండి. మెడ కింద, కాలర్ ఎముక దగ్గర నొప్పి గానీ వాపు గానీ ఉంటే అది పని అలసట అనుకోకుండా డాక్టరుకు చూపించండి. ఈ జబ్బు కొందరిలో ఆ కీళ్లకు కూడా పాకుతుంది, అప్పుడు చికిత్స మారుతుంది.