వానలు పడ్డాక ఏసీ మెకానిక్‌కు పని ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అబ్బాయి ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడు పూర్తిచేసి, ఒక డీలరు దగ్గర మూడేళ్లు పనిచేశాడు. ఈ ఫిబ్రవరిలో సొంతంగా ఏసీ సర్వీసు షాపు పెట్టాడు. మే నెలాఖరు వరకు వాడికి అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదు. వానలు మొదలయ్యాక పని పడిపోయింది. వారానికి ఒకటి రెండు ఫోన్లు వస్తే గొప్ప. షాపు అద్దె నెలకు 7 వేలు. ఫేస్‌బుక్ ప్రకటనలకు 8 వేలు పెట్టినా ఒక్కరూ రాలేదు. కువైట్‌లో ఉన్న వాళ్ల మేనమామ దగ్గరికి వెళ్లమంటే వినడం లేదు. నేను ఉద్యోగ విరమణ చేసినవాడిని. ఈ ఖర్చు ఎంతకాలం భరించాలి? వాడికి ఏమని చెప్పాలి?

జవాబు: వానాకాలంలో ఏసీ మెకానిక్ ఫోను మోగడం లేదంటే అది మీ అబ్బాయి పనితనంలో లోపం కాదండీ. గోదావరి జిల్లాల్లో ఈ పని ఫిబ్రవరి చివర్లో ఊపందుకుంటుంది, నైరుతి రుతుపవనాలు కుదురుకోగానే సన్నగిల్లుతుంది. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నవారికీ ఇంతే. కాకపోతే వాళ్లు వేసవి సంపాదనను పన్నెండు నెలలకు సర్దుకుంటారు, వానాకాలానికి వేరే పనులు చూసిపెట్టుకుంటారు. మీ అబ్బాయికి ఇది మొదటి ఏడాది. ఆ రెండూ ఇంకా అలవాటు కాలేదు. ఒక వేసవీ ఒక వానాకాలమూ చూసి ఈ వ్యాపారం నిలుస్తుందో లేదో తేల్చేయడం తొందరపాటు అవుతుంది.

అలాగని చేతులు కట్టుకుని ఎండల కోసం ఎదురుచూడమని చెప్పను. చేయవలసింది చాలా ఉంది. అందులో మొదటిది మీ అబ్బాయి ఇప్పటిదాకా చేయలేదని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను. ఫిబ్రవరి నుంచి మే వరకు ఆయన ఎంతమంది ఇళ్లకు వెళ్లి ఉంటాడు? ఆ ఇళ్లలో ఎన్నింటికి మళ్లీ ఫోను చేశాడు? కొత్తవాళ్ల కోసం 8 వేలు ఖర్చుపెట్టిన కుర్రవాడి బిల్లు పుస్తకంలోనే, తన పని కళ్లారా చూసిన కుటుంబాల నంబర్లు ఉన్నాయి. అసలైన ఆస్తి అదే. కొత్త గిరాకీకి దారి పాత గిరాకీ ఇంట్లోంచే వెళుతుంది.

కాబట్టి మీరిద్దరూ కూర్చుని ఆ పుస్తకం తీయండి. పేరు, వీధి, ఏ యంత్రం, ఏం పని చేశాడు, ఏ తేదీన చేశాడు, ఇవన్నీ ఒక నోటుబుక్కులోకి ఎక్కించండి. ఉద్యోగం చేసి వచ్చిన మీకు ఈ రాతకోతలు చేయి తిరిగిన పనే. తర్వాత ఆయన రోజుకు కొందరికి ఫోను చేయాలి. అందరికీ ఒకేసారి వాట్సాప్ సందేశం పంపితే కుదరదు. అలాంటివి ఎవరూ చదవరు. ఫోనులో మొదటి మాటగా పని అడగకూడదు. ‘నమస్కారమండీ, ఏప్రిల్‌లో మీ పడకగది ఏసీకి గ్యాస్ నింపింది నేనే. ఇప్పుడు చల్లదనం బాగానే ఉందా? లోపలి యూనిట్ నుంచి నీళ్లేమైనా కారుతున్నాయా?’ అని అడిగితే చాలు. బాగానే ఉందంటే సంతోషమని చెప్పి, తెలిసినవాళ్లకు అవసరం పడితే తన నంబరు ఇవ్వమనాలి. బాగా లేదంటే మరునాడే వెళ్లాలి. తాను చేసిన పనిలో తేడా వచ్చి ఉంటే డబ్బు తీసుకోకూడదు.

గ్యాస్ సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఈ వ్యాపారంలో నమ్మకం నిలబడేదీ, పోయేదీ ఎక్కువగా అక్కడే. ఏసీలో గ్యాస్ వాడేకొద్దీ అరిగిపోయేది కాదు. ఎక్కడో కారితేనే తగ్గుతుంది. కారే చోటు వెతక్కుండా ఏటా నింపి ఏటా డబ్బు తీసుకునేవారు చాలామంది ఉన్నారు. మీ అబ్బాయి ఆ పని చేయకూడదు. రాగి గొట్టాలు యూనిట్‌కు కలిసే నట్ల దగ్గర సబ్బు నురగ రాసి, బుడగలు లేస్తుంటే ఇంటివాళ్లను పిలిచి చూపించాలి. ‘ఇదిగో, ఇక్కడ కారుతోంది. ముందు దీన్ని సరిచేసి, తర్వాతే గ్యాస్ నింపుతాను’ అని చెప్పాలి. ఆ బుడగలు కళ్లతో చూసిన గృహిణి ఆ సంగతి పక్క ఫ్లాటు వాళ్లకు చెప్పకుండా ఉండదు. అలాగే పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి ఏసీ నుంచి వచ్చే గాలి ఉష్ణోగ్రత కొలిచి, రెండు అంకెలూ బిల్లు మీద రాసివ్వాలి. చిన్న డిజిటల్ థర్మామీటరు ఉంటే సరిపోతుంది. 8 వేల ప్రకటన చేయలేని పని అది చేస్తుంది.

ఆ ప్రకటన ఎందుకు ఫలించలేదో కూడా ఆయనకు తెలియాలి. ఫేస్‌బుక్‌లో పెళ్లి ఫొటోలు చూసుకుంటున్న మనిషికి ఆ క్షణంలో ఏసీ మెకానిక్‌తో పని లేదు. ఏసీ ఆగిపోయినప్పుడు ఆ మనిషి తెలిసినవాళ్లను అడుగుతాడు, లేదా గూగుల్‌లో దగ్గరలో ఎవరున్నారో వెతుకుతాడు. ఆ రెండు చోట్లా మీ అబ్బాయి పేరు ఉండాలి. గూగుల్ మ్యాప్స్‌లో వ్యాపారం పేరు నమోదు చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఫోను నంబరు, పనివేళలు, తాను చేసిన పనుల నిజమైన ఫొటోలు పెట్టాలి. పని నచ్చినవాళ్లను అక్కడే రెండు వాక్యాలు రాయమని అడగాలి. బంధువుల చేత పొగడ్తలు రాయించవద్దు. అవి చదివేవారికి ఇట్టే తెలిసిపోతాయి. ఇక ప్రతి యంత్రానికీ ఓ పక్కన చిన్న స్టిక్కరు అంటించి, పేరు, నంబరు, సర్వీసు చేసిన తేదీ, మళ్లీ చేయించవలసిన నెల రాయాలి. వచ్చే మార్చిలో రిమోటు చేతికి తీసుకున్నవాళ్లకు మొదట కనపడేది ఆ నంబరే.

వానాకాలంలో ఏసీలకు జబ్బులు ఉండవనుకోవద్దు. ఈ కాలపు జబ్బులు వేరు, అంతే. బయటికి నీళ్లు పోయే గొట్టంలో నాచు, దుమ్ము పేరుకుని నీరు గోడ మీదికి కారుతుంది. బల్లులు, చీమలు బయటి యూనిట్‌లోకి చేరి పీసీబీని, అంటే యంత్రాన్ని నడిపే సర్క్యూట్ బోర్డును, పాడుచేస్తాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. నెలల తరబడి ఏసీ వేయరు కాబట్టి ఈ సంగతులు వేసవి వచ్చేదాకా బయటపడవు. ఫోను చేసినప్పుడు ఇవి చెబితే, ఇప్పుడే చూసి పొమ్మనే ఇళ్లు కొన్ని తప్పక ఉంటాయి. ఫ్రిజ్ పని ఆయన ట్రేడులోనే ఉంది. అది ఏడాది పొడవునా ఉండే పని. షాపు బోర్డు మీద ఆ మాట ఉందా? వాషింగ్ మెషీను, గీజరు బాగుచేయడం ఈ ఖాళీలో నేర్చుకుంటే కార్తీకంలో పనికొస్తుంది.

ఆషాఢం వెళ్లి శ్రావణం రాగానే గృహప్రవేశాలు, ఇళ్లు మారడాలు మొదలవుతాయి. ఒక ఇంట్లో ఏసీ విప్పి మరో ఇంట్లో బిగించే పని అప్పుడు దొరుకుతుంది. ఆ కబురు ముందుగా తెలిసేది ఎలక్ట్రీషియన్లకు, పెయింటర్లకు, సామాన్లు తరలించే వ్యాన్ల వాళ్లకు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లకు. మీ అబ్బాయి వాళ్లతో పరిచయం పెంచుకోవాలి. పని పంపిన ఎలక్ట్రీషియన్‌కు తానూ పని పంపాలి. కమీషన్ ఇవ్వవలసి వస్తే తన లాభంలోంచి ఇవ్వాలి తప్ప, బిల్లు పెంచి ఇంటివాళ్ల నెత్తిన వేయకూడదు.

ఇవన్నీ చేతిఖర్చులకు సరిపోతాయి. షాపు నిలబడాలంటే మాత్రం వానైనా ఎండైనా ఏసీ ఆపని చోట్లు కొన్ని కావాలి. మీ ఊరు వైద్యానికి చుట్టుపక్కల పల్లెలన్నీ వచ్చే ఊరు. రక్తపరీక్షల ల్యాబులు, స్కానింగ్ కేంద్రాలు, దంత వైద్యశాలలు, మందుల దుకాణాలు వీధికొకటి ఉన్నాయి. ల్యాబుల్లో పరీక్ష యంత్రాలకు చల్లదనం కావాలి. మందుల దుకాణంలో వాడని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అక్కడ ఫ్రిజ్ చెడితే సరుకే పాడవుతుంది. అలాంటి చోట తక్కువ ధరకు చేసేవాడికన్నా పిలిచిన గంటలో వచ్చేవాడికి విలువ. పెద్ద ఆసుపత్రుల వెంట ఇప్పుడే పడవద్దు, అక్కడ బిల్లు చేతికి రావడానికి నెలలు పడుతుంది. రెండు మూడు ఏసీలున్న చిన్న ల్యాబు యజమానితో నేరుగా మాట్లాడటం మేలు. ఉదయం రక్తనమూనాల హడావిడిలో కాకుండా మధ్యాహ్నం వెళ్లాలి. మొదటిసారి ఒక యంత్రాన్ని ఉచితంగా పరీక్షించి, ఏం బాగుంది, ఏం బాగాలేదు అనేది ఒక కాగితం మీద రాసిచ్చి రావాలి.

అలా మాట కలిస్తే అడగవలసింది వార్షిక నిర్వహణ ఒప్పందం, అంటే అందరూ ఏఎంసీ అనేది. ఇందులో రెండు రకాలుంటాయి. ఒకదానిలో విడిభాగాలు కూడా మెకానికే భరించాలి. మరొకదానిలో సర్వీసు మాత్రమే ఉంటుంది, విడిభాగాలకు విడిగా డబ్బు తీసుకుంటారు. మొదటి రకం చూడటానికి పెద్ద మొత్తంలా కనిపిస్తుంది. మీ అబ్బాయి దాని జోలికి వెళ్లకూడదు. ఒక్క కంప్రెసర్ కాలిపోతే ఆ ఒప్పందం మీద వచ్చే ఆదాయమంతా దానికే పోతుంది. రెండో రకమే తీసుకోవాలి. ఎన్ని యంత్రాలు, ఏడాదికి ఎన్నిసార్లు సర్వీసు, ఫోను చేస్తే ఎన్ని గంటల్లో వస్తాడు, ఏవి ఇందులో చేరవు, డబ్బు ఏ నెలలో ఎంత ఇస్తారు అనేవి తేటతెల్లంగా తెలుగులో రాసుకుంటే ఒక పేజీలో అయిపోతుంది. సగం ముందుగా అడగడానికి మొహమాటపడకూడదు. అలాంటివి నాలుగైదు కుదిరితే వానాకాలం గండం సగం గడిచినట్టే.

మీ ఊళ్లో మరో అవకాశం ఉంది. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లు, అతిథి గృహాల వాళ్లు అప్పటికి గదులు సిద్ధం చేసుకోవాలి. కోటగుమ్మం, గోదావరి స్టేషను పరిసరాల్లోని లాడ్జీల మేనేజర్లను ఇప్పటి నుంచే కలవమనండి.

ధర తగ్గించే ఆలోచన మాత్రం వద్దు. గిరాకీ లేనప్పుడు అందరికీ ముందు తోచేది అదే. పెద్ద కంపెనీలు యాప్‌లలో చూపించే రాయితీలతో ఒక్క కుర్రవాడు పోటీపడలేడు. ఇప్పుడు సగం ధరకు చేయించుకున్న ఇల్లు వేసవిలో కూడా ఆ ధరే అడుగుతుంది. ధర అలాగే ఉంచి, పనిలో ఒకటి ఎక్కువ చేయమనండి.

ఖర్చు ఎంతకాలం భరించాలని అడిగారు. అద్దె విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ షాపు గది వదిలేయవచ్చు. ఏసీ బాగయ్యేది గిరాకీ ఇంట్లో, షాపులో కాదు. పనిముట్లు, గ్యాస్ సిలిండర్లు పెట్టుకోవడానికి గాలి బాగా ఆడే చోటు మీ ఇంట్లో ఉంటే, బోర్డు అక్కడికి మార్చండి. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాస్‌కు కొంత మండే గుణం ఉంది కాబట్టి వంటగది పక్కన, మూసి ఉన్న గదిలో పెట్టవద్దు. ఫోను నంబరు మారకపోతే గిరాకీ ఎక్కడికీ పోదు. గది వదిలితే ఏడాదికి 84 వేలు మిగులుతుంది. మీ గుండెల మీద బరువు కూడా దిగుతుంది.

ఈ కరువు దాటడానికి అప్పు చేయవద్దు. చిన్న వ్యాపారాలకు రుణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50 వేల దాకా రుణం దొరుకుతుంది. దాన్ని వచ్చే జనవరిలో, వేసవికి ముందు, గొట్టాల్లోంచి గాలి, తేమ లాగేసే మంచి వాక్యూమ్ పంపో పనిముట్లో కొనడానికి తీసుకుంటే అర్థం ఉంటుంది. ఇంటి ఖర్చులకు తీసుకుంటే అది మీ మెడకు చుట్టుకుంటుంది. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటనంత వరకు ఇలాంటి సర్వీసు పనికి మామూలుగా జీఎస్టీ నమోదు అవసరం ఉండదు.

సంక్రాంతి దాకా సమయం ఇవ్వండి. ఆ లోపల ఆదాయం ఎంత వచ్చిందని రోజూ అడగవద్దు. ఈ వారం ఎంతమందితో మాట్లాడావు, అందులో పాతవాళ్లు పంపినవాళ్లు ఎందరు అని అడగండి. పాతవాళ్లు పంపే ఫోన్లు నెలనెలా పెరుగుతుంటే, ఆదాయం తక్కువగా ఉన్నా వ్యాపారం వేరు పట్టినట్టే. వచ్చే వేసవి చూసి తీరాలి. ఇంత తిరిగినా సంక్రాంతికి ఒక్క ఒప్పందమూ కుదరకపోతే, ఏదైనా కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రంలో పని చూసుకుంటూ, సాయంత్రాలు, ఆదివారాలు తన గిరాకీని కాపాడుకోమనండి. అక్కడ కొత్త రకం ఇన్వర్టర్ ఏసీల మీద చేయి కుదురుతుంది.

కువైట్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. బలవంతాన పంపితే ఆయన మనసు ఇక్కడే ఉంటుంది. సొంతంగా షాపు నడిపిన అనుభవం, ఐటీఐ సర్టిఫికెట్ ఎక్కడికీ పోవు. పాస్‌పోర్టు లేకపోతే ఈ ఖాళీలో చేయించి ఉంచండి. ఎప్పుడైనా ఏజెంటు ద్వారా వెళ్లవలసి వస్తే, ఆ ఏజెంటు పేరు కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకున్న తర్వాతే డబ్బు మాట ఎత్తండి.