పాత అంబాసిడర్ బ్రేకులో గాలి ఒక్కరే తీసుకోవడం

అన్నా, వీల్ సిలిండర్లు (చక్రాల దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకు షూలను తోసేవి) మార్చాక పెడల్ మెత్తగా దిగిపోతోందనీ, తొక్కడానికి ఇంకో మనిషి లేరనీ రాశారు. తిరుపతిలో నా బండికి నేనొక్కడినే చేసుకుంటాను.

ముందు షూలు (చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒత్తేవి) అడ్జస్ట్ చేశారా? డ్రమ్ముకూ షూకూ సందు ఎక్కువైతే గాలి లేకున్నా పెడల్ దిగుతుంది. ఇది మరిచి నేనోసారి అర లీటరు ఆయిల్ నేలపాలు చేశాను.

తర్వాత మెడికల్ షాపులో సెలైన్ ట్యూబు కొనండి. ఒక కొస వీల్ సిలిండర్ వెనకుండే గాలి తీసే నిపుల్‌కు బిగుతుగా తొడిగి, రెండోది సీసాలో కొత్త బ్రేక్ ఆయిల్‌లో మునిగేలా పెట్టండి. నిపుల్ పావు చుట్టు వదిలి, పెడల్ మెల్లగా తొక్కి, అంతకన్నా మెల్లగా వదలండి. నిపుల్ మర చుట్ల సందులోంచి గాలి పీల్చకుండా దాని మొదట్లో ముందే కాస్త గ్రీజు పూయండి. ఇలా తొక్కుతూ వదులుతూ ఉండి, సీసాలో బుడగలు ఆగితే నిపుల్ బిగించేయండి. మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసేది) దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టండి. మాస్టర్ సిలిండర్ డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వొద్దు.

డ్రమ్ము మళ్ళీ విప్పితే పిస్టన్లు జారకుండా సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. సిలిండర్లను కిరసనాయిలుతో కడగొద్దు, లోపలి రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. దుమ్ము ఊదొద్దు, షూల మీది పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉండొచ్చు; తడిగుడ్డతో తుడవండి.

ముందు చదును రోడ్డు మీద చూసుకోండి, తిరుమల ఘాట్ తర్వాత.