ఆర్టీఐ అర్జీకి జవాబు రాలేదు, దావా వెయ్యొచ్చా?

ప్రశ్న: లాయరమ్మ గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు దగ్గర పల్లె. ఊరి చెరువు కింద మూడెకరాల మాగాణి ఉంది. రెండేళ్ళ కిందట చెరువు కలుజు (నిండితే నీళ్ళు పొర్లిపోయే అలుగు), తూము బాగు చేశామని కట్ట మీద బోర్డు పెట్టారు. తూము తలుపు ఈరోజుకీ సరిగా మూసుకోదు. ఇసుక సంచులు అడ్డం వేసి నీళ్ళు ఆపుకుంటున్నాం. జూన్ 3న ఆ పని చేయించిన ఇంజనీరింగ్ ఆఫీసులో సమాచార హక్కు అర్జీ ఇచ్చాను. ఎంత ఖర్చయింది, తూము ఎందుకు బాగుచెయ్యలేదు, బాధ్యులెవరు అని అడిగాను. సెప్టెంబరు సగం అయింది, ఉలుకూ పలుకూ లేదు. ఆరుసార్లు తిరిగాను. "సారు క్యాంపులో ఉండాడు పెద్దాయనా, వచ్చే వారం రా" అంటారు. అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకేమో, అక్కడ జవాబివ్వకపోతే నేరుగా కోర్టులో దావా వేస్తారంటున్నాడు. నేను కూడా ఆత్మకూరు కోర్టులో వెయ్యొచ్చా?

జవాబు: మీరు జతచేసిన అర్జీ నకలు చూశాను. పైన మూలన ఊదారంగు ముద్ర, అందులో చేత్తో రాసిన 3-6, కింద పొట్టి సంతకం. ఆరోజు పట్టుబట్టి రెండో ప్రతి మీద ముద్ర వేయించుకున్నారు చూడండి, చాలా మంచి పని చేశారు. నా దగ్గరకొచ్చే వాళ్ళలో చాలామంది దగ్గర ఈ ఒక్క కాగితమే ఉండదు. ఇంకో రెండు జిరాక్సులు తీసి పెట్టుకోండి.

దావా మాత్రం వెయ్యొద్దు. మీ తమ్ముడి కొడుకు చెప్పింది అబద్ధం కాదు. అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు 1966లో చేసిన సమాచార చట్టం ఉంది. మామూలుగా 20 పని దినాల్లో జవాబు రాకపోతే ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్ళొచ్చు. మన 2005 చట్టం అలా లేదు. దీని 23వ సెక్షన్ ప్రకారం సమాచార హక్కు అర్జీ మీద ఏ కోర్టూ దావా తీసుకోకూడదు, చట్టంలో చెప్పిన అప్పీలు దారిలోనే పోవాలి. ఈ సంగతి నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో, భర్త సర్వీసు కాగితాల కోసం తిరిగి తిరిగి విసిగిపోయిన ఒకామె ఉదయగిరి వైపు నుంచి వచ్చింది. ఆమె బాధ చూసి ఆవేశపడి దావా రాసిచ్చాను. ఆరు వారాల తర్వాత 23వ సెక్షన్ చూపించి వెనక్కిచ్చారు. ఆ ఆరు వారాల్లో ఆమె అప్పీలు గడువు దాటిపోయింది. తప్పు నాది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు మీ తేదీలు లెక్కపెడదాం. ఆఫీసుకు ఇచ్చిన గడువు 30 రోజులు, అంటే జూలై 3. ఆరోజుకు జవాబు రాలేదంటే చట్టం దృష్టిలో మీ అర్జీని తిరస్కరించినట్టే. అంటే అప్పీలుకు దారి ఆరోజే తెరుచుకుంది. మీరు ఆ తర్వాత కూడా "వచ్చే వారం రా" అన్న మాట నమ్మి తిరిగారు. నాకు కోపం తెప్పించేది ఇదే. వాళ్ళు రమ్మన్న ప్రతి వారం మీ గడువులోంచే పోయింది. మొదటి అప్పీలుకు మళ్ళీ 30 రోజులు, అది ఆగస్టు 2తో అయిపోయింది. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించవచ్చని చట్టంలో ఉంది కానీ, మీ అర్జీ చూశాక ఆ దారి వద్దనిపించింది.

ఎందుకంటే "ఎందుకు బాగుచెయ్యలేదు", "బాధ్యులెవరు" అనే ప్రశ్నలకు ఆఫీసు జవాబు తయారుచేసి ఇవ్వక్కర్లేదు. ఫైల్లో ఉన్న కాగితం ఇస్తే చాలు. సుప్రీంకోర్టు 2011లో ఒక పరీక్షల బోర్డు కేసులో ఇదే చెప్పింది. కాబట్టి కొత్త అర్జీ పెట్టండి, కాగితాలను పేరు పెట్టి అడగండి: మంజూరైన అంచనా ప్రతి, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు, ఎం-బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఈ పని కొలతలున్న పేజీలు, చెల్లించిన బిల్లులు, నాణ్యత తనిఖీ నివేదిక. అన్నిటికంటే ముఖ్యం ఎం-బుక్కు. తూము తలుపుకు ఎంత ఇనుము వాడారో, ఏ తేదీన కొలిచారో, ఎవరు సంతకం పెట్టారో అందులోనే ఉంటుంది. మీరు అడిగిన "బాధ్యులెవరు"కి జవాబు ఆ సంతకమే.

ఫీజు మండల స్థాయి ఆఫీసుకు 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు చూపే కార్డు ఉంటే దాని నకలు జతచెయ్యండి, ఫీజు ఉండదు. ఎందుకు కావాలని అడిగితే చెప్పక్కర్లేదు. ఈసారి 30 రోజులు దాటిన మర్నాడే, ఆఫీసు గోడ మీది బోర్డులో ఉన్న అప్పిలేట్ అధికారికి అప్పీలు ఇవ్వండి. ఆయనకు 30 రోజులు, మహా అయితే 45. అక్కడా పలకకపోతే 90 రోజుల్లోపు మంగళగిరిలోని రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. గడువు దాటాక ఇచ్చే నకళ్ళకు డబ్బు తీసుకోకూడదని కూడా గుర్తుంచుకోండి.

మరి పాత అర్జీ? దాన్ని వదలొద్దు. దాని మీద 18వ సెక్షన్ కింద కమిషన్‌కు ఫిర్యాదు రాయండి. సరైన కారణం లేకుండా జవాబివ్వని అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు, అదీ ఆయన సొంత డబ్బులోంచి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఫిర్యాదుతో అధికారికి జరిమానా పడొచ్చు కానీ మీకు సమాచారం రాదు. సమాచారం కావాలంటే అప్పీలే చెయ్యాలని మణిపూర్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మీకు రెండూ కావాలి కాబట్టి రెండు కాగితాలూ నడవాలి.

కోర్టు మాట పూర్తిగా లేదని కాదు. కమిషన్‌లో మీ అప్పీలు కదలకుండా పడి ఉంటే, ఫలానా గడువులోగా తేల్చమని ఆదేశించాలంటూ అమరావతిలోని హైకోర్టులో రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ పిటిషన్ వెయ్యొచ్చు. దాన్ని 23వ సెక్షన్ ఆపలేదు. ఖర్చుకు భయపడితే నెల్లూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. ఆడవాళ్ళకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, మిగతావాళ్ళలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది.

ఇంకొక్క మాట, కొత్త అర్జీలో తప్పకుండా రాయండి. 2(జె) సెక్షన్ ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి ఇమ్మనే హక్కు మీకున్నాయి. "కలుజు దిగువ కాంక్రీటు నేలనూ తూము తలుపునూ చూడాలి, నమూనా కావాలి" అని వాక్యం చేర్చండి. తనిఖీకి వెళ్ళేటప్పుడు మీ కింది ఆయకట్టు రైతులను ఇద్దరిని వెంట తీసుకెళ్ళండి, ఒక టేపు కూడా. అర్జీ మాత్రం ఈ వారమే ఇచ్చెయ్యండి. అక్టోబరు చివర్లో మన వైపు వానలు పట్టుకుని చెరువు నిండితే తూము మునిగిపోతుంది, కలుజు పొర్లితే కింది నేల కంటికి కనపడదు. ఆ తర్వాత మళ్ళీ చెరువు అడుగంటేదాకా ఆగాలి.