వాటాదారులు మనవాళ్లైతే విదేశీ కంపెనీ తరఫున మన ప్రభుత్వం కేసు వేయగలదా?

సాధారణంగా వేయలేదు. కంపెనీ ఎక్కడ రిజిస్టరైందో ఆ దేశానికే ఆ హక్కు. వ్యాపారం చేసే చోట మాత్రం స్థానిక చట్టమే నడుస్తుంది. రాయబార కార్యాలయం మాట్లాడగలదు గానీ అక్కడి కోర్టును ఆపలేదు.

బార్సిలోనా ట్రాక్షన్ కేసే చూడండి. 1911లో టొరంటోలో రిజిస్టరై, స్పెయిన్‌లో కరెంటు సరఫరా చేసిన కంపెనీ అది. బాండ్ల వడ్డీ పౌండ్లలో కట్టాలి. స్పెయిన్ ప్రభుత్వం విదేశీ మారకం ఇవ్వలేదు, వడ్డీ ఆగిపోయింది. 1948లో రెయుస్ అనే ఊరి కోర్టు దివాలా ప్రకటించింది. వాటాలు ఎక్కువగా తమవాళ్లవేనంటూ బెల్జియం హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1970లో ఆ కోర్టు కాదంది: నష్టం జరిగింది కంపెనీకి, అడగాల్సింది కెనడా. నా దృష్టిలో చిన్న వాటాదారులకు ఇది అన్యాయమే. అయితే డివిడెండ్, ఓటు లాంటి వాటాదారుల సొంత హక్కులకు దెబ్బ తగిలితే వాళ్ల దేశం అడగొచ్చు.